నలభై రెండో గీత

సంచిలో ముందు మూడు తువ్వాళ్ళు పెట్టాను. తరవాత రెండు జతల బట్టలు, అటుకుల పొట్లం, బెల్లం ముక్క, ముల్లులా చెక్కిన నాలుగు పెన్సిళ్ళు, హాల్ టికెట్టు ఉన్న ప్లాస్టిక్ కవరు. కవరు తీసి చూసి, లోపల పెట్టి, మళ్ళీ తీశాను. ఫొటో కింద "మడ్డు జలజ, ఎనిమిదో తరగతి, ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల, గుల్లలపేట" అని ఉంది. ఆ ఫొటోలో ఉన్నది నా మనవరాలే అని ప్రతిసారీ తేల్చుకుంటే తప్ప మనసు ఊరుకోలేదు.

"రెండ్రోజులకి మూడు తువ్వాళ్ళేటి అమ్మమ్మా?" అంది జలజ.

"ఒకటి తడిసిపోద్ది. ఒకటి పోద్ది. ఒకటి ఉంటాది."

"అలగైతే నాలుగెట్టు. ఇంకోటి కూడా పోద్దేమో."

వెటకారమని తెలిసీ నాలుగోది పెట్టాను. దాని అమ్మా నాన్నా గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళి ఏడాదికొకసారి వచ్చేవాళ్ళు. మూడో ఏటినుంచీ అది నా దగ్గరే పెరిగింది. ఎవరు గడప దాటినా నేను ఇలాగే సంచి విప్పి మళ్ళీ సర్దుతాను. శ్రీకాకుళంలో గురుకులం సీటుకి రెండు రోజుల పరీక్ష. నేనూ వెంట వెళ్తున్నాను. అయినా సర్దాను.

బస్సుకి ఇంకా టైముంటే బడి దగ్గర ఆగాం. బడి పిల్లలందరికీ ఉన్నట్టే జలజకీ కుడి చెవి వెనక గురిగింజంత నల్లటి బిళ్ళ ఉంటుంది. దాన్ని తీయించాలో అక్కర్లేదో మైథిలి గారిని అడగాలనుకున్నాను. ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చిన పరిశోధకురాలు. బడి వెనక పాత స్టోరు గదిలో ఏడాదిన్నరగా ఆవిడ యంత్రాలున్నాయి. ఆ గదికీ, నేను బడిపిల్లలకి వండే వంటగదికీ మధ్య ఒకటే గోడ.

లోపల పిల్లలు పన్నెండో ఎక్కం చెబుతున్నారు. ముందు ఒకరు చెప్పాలి, మిగతా అందరూ అందుకోవాలి. ఆ రోజు ముందు చెబుతున్నది గౌరి. రెండో తరగతి పిల్ల, ఒడ్డు మీది వలలోళ్ళ పెద్ద ఎర్రయ్యకి మనవరాలు. ఏడాది కిందట ఆ పిల్ల తన పేరు చెప్పాలంటే "గ" దగ్గరే ఆగిపోయేది. మెడ నరాలు తేలి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు "పన్నెండు ఏడులు ఎనభై నాలుగు" అని గంట కొట్టినట్టు అంటోంది. తొంభై ఆరు దగ్గర ఒక్క క్షణం తడబడింది. నాలుగు వరసల వెనక కూర్చున్న పిల్లకి తెలిసిన అంకె దీని నోట్లోకి వచ్చింది. గౌరి మొహం చూస్తే, మరిచిపోయింది ఒక్కసారి గుర్తొచ్చినట్టు ఉంది.

బిళ్ళ చేసే పని అదే. మొదటి రోజు ఊరందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి మైథిలి గారు ఇలా చెప్పారు. "పాటలో ఒకరు ముందు పాడితే వెనకవాళ్ళు అందుకుంటారు కదా. దాన్ని వంత అంటాం. ఏళ్ళ తరబడి కలిసి వల్లించిన పిల్లల బుర్రల్లో ఒకే లయ నిలుస్తుంది. ఈ బిళ్ళ ఆ లయని గట్టిపరుస్తుంది. ఒకరికి వచ్చింది, తడబడినవాళ్ళకి అందుతుంది. ఏడు కిలోమీటర్ల దాకా."

ఎర్రయ్య తలాడించాడు. "అర్దమైనాది. వంతు. పెద్దవల లాగినట్టే. తాడు పట్టినోడికల్లా వంతు."

"దాదాపు అంతే," అన్నారావిడ నవ్వుతూ.

ఆ "దాదాపు" మాకు ఎంత పని పెట్టిందో తరవాత తెలిసింది.

పట్నంలో పెద్ద పెద్ద బడుల్లో ముందు ప్రయత్నించారట. అంటుకోలేదు. అక్కడ పిల్లల్ని మార్కుల్ని బట్టి ఏటేటా సెక్షన్లు మారుస్తారు. మా దగ్గర ఒకటో తరగతిలో పక్కన కూర్చున్నది ఎనిమిదిలోనూ పక్కనే. పైగా ఊరికి అదొక్కటే బడి. గట్టు మీది రైతుల పిల్లలూ, ఒడ్డు మీది వలలోళ్ళ పిల్లలూ, సర్పంచి రుక్మిణమ్మ కొడుకూ అందరూ ఆ పలకల మీదే. ఒకప్పుడు గట్టుకీ ఒడ్డుకీ పడేది కాదు. బడి ఎక్కడ కట్టాలో తేలక మూడేళ్ళు తగవు నడిచి, చివరికి ఇటూ అటూ కాకుండా మధ్యన ఇసక దిబ్బ మీద కట్టారు. నన్ను వంటకి పెట్టినప్పుడు గట్టువాళ్ళ పిల్లలు నెల రోజులు ఇంటినుంచి కేరేజీలు తెచ్చుకున్నారు. పిల్లలకి ఆకలీ, పక్కవాడి కంచంలో పప్పు వాసనా చాలు. రెండో నెలకి కేరేజీలు పోయాయి. అప్పటినుంచి ఇరవై ఆరేళ్ళు వండాను. అప్పుడు తిన్న పిల్లల పిల్లలకీ వండాను.

బిళ్ళ తీయాలా అని అడిగితే మైథిలి గారు జలజ చెవి వెనక ఒకసారి చూసి, "వద్దులెండి. ఏడు కిలోమీటర్లు దాటితే అదే మూగబోతుంది. రెండు రోజులకి ఏమీ కాదు," అన్నారు.

జీడితోట దాటి, ఏడో కిలోమీటరు దగ్గర తూము మీంచి బస్సు వెళ్ళగానే జలజ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా.

"అమ్మమ్మా, ఎవరూ నేరు."

"బస్సు నిండా ఉన్నారే."

"బస్సులో కాదు."

ఆ రాత్రి అది సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున్న పరీక్ష హాల్లోకి వెళ్తూ మూడుసార్లు వెనక్కి చూసింది. నేను గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చెప్పులు చూస్తూ, నాకొచ్చిన ఎక్కాలన్నీ లోలోపల వల్లించుకున్నాను. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. వంటగదిలో బియ్యం చెరుగుతూ, లోపల పిల్లలు అంటున్నది నేనూ అంటూ, వాళ్ళు పారేసిన పుస్తకాల్లో ఆ మాట ఎక్కడుందో వెతుక్కుంటూ నేర్చుకున్నదే.

రెండో రోజు సాయంత్రం అది బయటికొచ్చినప్పుడు మొహం వేరేగా ఉంది. వెలుగుతోంది.

"బాగా రాసినావా?"

"మూడు తప్పులు రాసినాను. ఆ మూడూ నాయే అమ్మమ్మా." నవ్వింది. "బడిలో ఏదైనా ఒస్తే, అది నాకొచ్చిందో ఇంకెవరికొచ్చిందో తెల్దు. ఇయి నాయే. తప్పులు కూడా నాయే."

ఆ మాట నాకప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేలోగా ఇంటికి చేరాం.

బస్సు దిగేసరికి హెడ్మాస్టరు తారకేశ్వరరావు గారు స్టాపు దగ్గరే ఉన్నారు. ఎండలో నిలబడి చొక్కా తడిసిపోయింది. "వచ్చేశారా," అని జలజ తల నిమిరారు గాని చూపు నిలవలేదు. దారిలో చెప్పారు. మేం వెళ్ళిన పూటే మధ్యాహ్నానికి బడి తలకిందులైంది. ఏడో ఎక్కం నలభై మందిలో ఒక్కరికీ రాలేదు. ఐదో తరగతివాళ్ళు చదువుతున్న పేజీ మీద వేలుంచి తరవాతి పదం కోసం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గౌరి నోరు మూతపడింది. "గ" కూడా రాలేదు.

మేం వచ్చాక పెద్దపిల్లలు రెండు రోజుల్లో కుదుటపడ్డారు. గౌరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఎర్రయ్య మా వీధిలో నడవలేదు. పదో రోజు గౌరి తాతని "తాతా" అని పిలిస్తే, ఆయన మా ఇంటిముందు ఆగి, "ఒలే తవిటీ, నీ మనవరాల్ని ఇంకెక్కడికీ పంపకు," అన్నాడు. అది కోపంగా అన్న మాట కాదు, బతిమాలుతూ అన్నది. కోపమైతే ఎదురు చెప్పగలిగేదాన్ని.

మే నెలలో ఫలితం వచ్చింది. విశాఖలో విజ్ఞాన గురుకులంలో తొమ్మిదో తరగతి సీటు. జిల్లా మొత్తానికి నలుగురే. మిగతా ఎనిమిదో తరగతి పిల్లలు దగ్గర్లో హైస్కూలుకి వెళ్ళేవాళ్ళు. అది నాలుగు కిలోమీటర్లు, బిళ్ళకి అందే దూరం. తూము దాటి వెళ్ళాల్సింది జలజ ఒక్కతే.

వరండాలో ఊరు కూర్చుంది. ఒడ్డువాళ్ళు ఒక పక్కా గట్టువాళ్ళు ఒక పక్కా కూర్చోవడం ఎప్పుడో పోయింది. ఆ బడిలో కలిసి చదివినవాళ్ళు ఎవరి పక్కన అలవాటో వాళ్ళ పక్కనే కూర్చున్నారు. ముందు అందరూ జలజని మెచ్చుకున్నారు.  చివరికి ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"గుంట ఎల్లాల. కాదన్నోడెవడు? మన బడి పేరు నిలబెట్టినాది. అయితే వలకాడ ఒక పద్దతున్నాది. తాడు మద్దెలో వదిలినోడు, తన బదులు మనిసిని నిలబెట్టి ఎల్లాల. నేదంటే వల ఒరిగిపోద్ది, పక్కోళ్ళ సేతులు కోసుకుపోతాయి. జలజ వంతు ఎవులు మోస్తారో సెప్పండి. అంతే నా మాట."

"ఎర్రయ్య బావా, ఇది వల కాదు, బడి," అంది రుక్మిణమ్మ.

"బడి కూడా వలేనమ్మా. గట్టోళ్ళు మీకు సేప తినడమే తెలుసు, లాగడం తెల్దు."

నవ్వులు లేచాయి. రుక్మిణమ్మ కూడా నవ్వి, "నీ సేపలకి మా చింతపండు లేకపోతే సూద్దుం," అంది.

నవ్వు ఆగాక జలజ లేచి నిలబడింది. "నా వంతు దించీమంటే దించీస్తాను తాతా. ఎక్కడ దించాలో సెప్పు. పలక మీదా? ఇసకలోనా?"

ఎర్రయ్య తల దించుకున్నాడు. 

మైథిలి గారు తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. "తప్పు నాది," అన్నారు. "వంతు కాదు, వంత. మొదటి రోజే సరిదిద్దాల్సింది. ఇందులో ఎవరి దగ్గరా భాగం అంటూ ఉండదు. పాడేవాళ్ళలో ఒకరు ఆగినంత మాత్రాన పాట ఆగదు. ఆగకూడదు."

"మరి ఆగిపోనాది కదమ్మా," అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా. "వంతు కాదంటన్నావు. మరి ఒక్క గుంట రెండ్రోజులు నేకపోతే నా మనవరాలి నోరెందుకు పడిపోనాది?"

  "పరీక్షిద్దాం," అన్నారు మైథిలి గారు. "పిల్లలకి ఏదైనా అయితే అరగంటలో జలజని వెనక్కి తెచ్చేస్తాను."

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మైథిలి గారి సహాయకుడు జలజని బండిలో ఎక్కించుకుని తూము అవతలికి తీసుకెళ్ళాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. సెలవులైనా బడికి పిలిపించిన పిల్లలు మొదలుపెట్టారు. రెండో ఎక్కం, మూడు, నాలుగు. ఏడో ఎక్కం వచ్చేసరికి వరండాలో ఒక్కరూ కదల్లేదు.  ఏడు ఏడులు నలభై తొమ్మిది. ఏడు ఎనిమిదులు యాభై ఆరు. ఎక్కడా తడబాటు లేదు. హెడ్మాస్టరు గారు ఫోన్లో అడిగారు. జలజ తూము దాటి పన్నెండు కిలోమీటర్లు వెళ్ళిపోయింది. గౌరి తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ చెప్పి, అడక్కుండానే పక్కింటి కోడి పేరు కూడా చెప్పింది.

"అయితే ఆ రెండ్రోజులూ ఏటైనట్టు?" అన్నాడు ఎర్రయ్య.

మైథిలి గారు హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. "ఆ రెండు రోజులూ బడిలో ఇంకేం మారింది? గంట, గది, పుస్తకాలు, ఏదైనా."

"ఏమీ లేదే," అన్నారాయన. "అన్నీ మామూలే. వంట మాత్రం ఒడ్డు మీది దాలమ్మ చేసింది."

"ఉప్పెక్కువ," అంది నాలుగో తరగతి పిల్ల ఒకతి.

"నీకు నాలికెక్కువ," అంది దాలమ్మ వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోతూ వచ్చింది. ముందు మైథిలి గారు, తరవాత హెడ్మాస్టరు గారు, తరవాత ఊరంతా తల తిప్పి నన్ను చూశారు. నా చేతిలో చేట ఉంది. లోపల ఎక్కాలు జరుగుతున్నంతసేపూ నేను కిటికీ బయట నిలబడి, అలవాటుగా, అదే లయలో చేటని తట్టుతూ, పెదాలు కదుపుతూ ఉన్నాను.

మైథిలి గారు నన్ను ఆ స్టోరు గదిలోకి తీసుకెళ్ళారు. తెర మీద గీతలు. ఒక్కో పిల్లకి ఒక్కో గీత. "నలభై ఒక్కమంది పిల్లలు," అన్నారావిడ. "మొదటి రోజునుంచీ నలభై రెండు గీతలు వస్తున్నాయి. ఆ చివరిది పక్కగదిలోంచి వస్తోందని తెలుసు. మిక్సీయో, పొయ్యి గాలి యంత్రమో అనుకుని లెక్కలోంచి తీసేశాం. ప్రతి నెలా తీసేస్తూనే ఉన్నాం." ఆవిడ వేలు ఆ గీత మీద ఆగింది. అది మిగతావాటికన్నా మందంగా ఉంది. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నాయి.

"నాకు బిళ్ళ నేదమ్మా," అన్నాను. నేరం చేసినదానిలా ఉంది నా గొంతు.

"మీకు అవసరం లేకపోయింది. ఇరవై ఆరేళ్ళు ప్రతి తరగతితో కలిసి అన్నారు. ఈ పిల్లల తల్లులు కూడా మీ గొంతు వెంటే ఎక్కాలు నేర్చుకున్నారు. ఈ బడి లయ మీదే. పిల్లలు అందుకుంటున్నది మీ వెనక." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందు పాడేది ఎవరో తెలుసుకోకుండానే మేం వంతని కొలిచాం."

అయినా రుజువు కావాలి. మధ్యాహ్నం జలజ తిరిగొచ్చి, భోజనాలయ్యాక నన్ను బండిలో ఎక్కించారు. జీడితోట దాటింది. తూము దాటింది. నాకు ఏమీ అనిపించలేదు, చెవుల్లో కొంచెం గాలి తగ్గినట్టు తప్ప. ఆరు నిమిషాల్లో హెడ్మాస్టరు గారి ఫోను. "వెనక్కి వచ్చెయ్ తవిటమ్మా. బేగి రా." ఆయన వెనక పిల్లలు ఎవరూ ఏమీ అనడం లేదు. నలభై మంది పిల్లలున్న బడి అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం ఎర్రయ్య వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.  "జలజ ఎల్లొచ్చు," అన్నాడు. "బదులు మనిసి అక్కర్నేదు." నా మొహం చూసి, "నువ్వుంటావు కదా," అన్నాడు. అది ప్రశ్నో కాదో ఆయనకీ తెలిసినట్టు లేదు.

జూన్ మొదటి వారంలో మైథిలి గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మిగతాది చెప్పారు. తూము దాటాక జలజ చెవి వెనక బిళ్ళ తీసేస్తారు. తల ఒంటరిగా ఉండడం నేర్చుకోవడానికి మూడు నెలలో ఆరు నెలలో పడుతుంది. నేర్చుకున్నాక మళ్ళీ ఈ ఊరి పొలిమేరలోకి వస్తే, వంత మళ్ళీ అంటుకుంటుందని ఆవిడ భయం.

"బిళ్ళ తీసేసినాక ఎలగ అంటుకుంటాది?" అంది జలజ.

"మీ అమ్మమ్మకి బిళ్ళ లేకుండానే అంటుకుంది. నీకు అంటుకోదని నేనెలా చెప్పను? ఒకసారి తెంచుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. పూర్తిగా విడిపోయాక మళ్ళీ అంటుకుని తెంచుకుంటే ఏమవుతుందో నాకు తెలీదు."

"ఎన్నాళ్ళు రాకూడదు?"

"తెలీదు. ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు."

జలజ నా వైపు తిరిగింది. "అయితే నువ్వే ఒచ్చీ. ఆల్ల బిళ్ళలు తీసీమను."

మైథిలి గారు తల దించుకుని, "మీరు ఆపమంటే ఆపేస్తాను తవిటమ్మ గారూ. ఈ రోజే. నా ఉద్యోగం గురించి ఆలోచించొద్దు," అన్నారు.

ఆలోచించి రేపు చెబుతానన్నాను. ఇంట్లో ఉండలేకపోయాను, బయట ఉండలేకపోయాను. బడి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. వేసవి సెలవులే అయినా పిల్లలు దిబ్బ మీద ఆడుతున్నారు. రుక్మిణమ్మ కొడుకూ దాలమ్మ కూతురూ ఒకే జామకాయని వంతులేసుకుని కొరుకుతున్నారు. వీళ్ళ తాతలు ఒకే బావి నీళ్ళు తాగలేదు. గౌరి నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, "మామ్మా, రేపు పలాసనుంచి మా పెదనాన్న ఒస్తన్నాడు," అని, రైలు గురించీ అక్కడి జీడిపప్పు గురించీ ఆపకుండా చెప్పుకుపోయింది. ఏడాది కిందట తన పేరు పలకలేని పిల్ల. ఒక్క అక్షరం మీద కూడా ఆగలేదు.

మర్నాడు మైథిలి గారికి ఆపొద్దని చెప్పాను.

జలజ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం కలుపుకుంటూ, కంచంలోకే చూస్తూ అడిగింది. "ఆల్లు నీకు నాకన్నా ఎక్కువేటి?"

"ఎక్కువ కాదే. ఎక్కువమంది."

అది ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "నాను ఆల్లలో ఒకదాన్నే అయితే ఇక్కడే ఉంచీసీదానివా?"

"ఉండమంటే ఉంటావా?"

"ఉండను."

"మరి ఎందుకడిగినావు?"

"నువ్వేటంటావో సూద్దామని."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అది ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడిస్తే అది ఆగిపోతుందని భయం. ఆగిపోవాలని కూడా ఉంది. ఆ రెండింటి మధ్య చేతిలో గరిటె పట్టుకుని నిలబడ్డాను.

అది వెళ్ళే రోజు పిల్లలంతా వచ్చారు. ఒడ్డువాళ్ళు ఆ పొద్దు వల వెయ్యలేదు. రుక్మిణమ్మ గట్టునుంచి పెరుగన్నం కట్టి తెచ్చింది. హెడ్మాస్టరు గారు డిక్షనరీ ఇచ్చారు, తను చదువుకున్నప్పటిది. బస్సు ఎక్కాక జలజ కిటికీలోంచి తల బయటపెట్టి, "లోపలికెల్లు అమ్మమ్మా, ఎండ," అంది. ఆకాశం నిండా మబ్బులే ఉన్నాయి.

తూము దగ్గర, వెంట బస్సెక్కిన మైథిలి గారు బిళ్ళ తీశారట. తీశాక అది ఒక గంట ఏమీ మాట్లాడలేదట. తరవాత, "నాకు ఆకలేస్తంది, నాకే," అందట. ఇది ఆవిడ ఫోన్లో చెప్పారు.

సెలవుల్లో వెళ్ళి చూసి రావచ్చు కదా అంటారు. బయలుదేరాను. దసరా సెలవుల్లో, బడి లేదు కదా అని ధైర్యం చేసి, పలాస స్టేషనులో టికెట్టు తీసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు ఇంకా పావుగంటకి. హెడ్మాస్టరు గారి ఫోను వచ్చింది. చిన్నపిల్లలు ఏడుగురు మాట మానేశారు. గౌరి గుమ్మంలో కూర్చుని వణుకుతోంది, నోరు తెరుస్తోంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఎర్రయ్య పక్కనే ఉన్నాడేమో, "రమ్మనకండి మాస్టారూ, పాపం దాన్ని ఎల్లనీండి," అనడం నాకు వినిపించింది. ఆయన అలా అనకపోయి ఉంటే ఆ రైలు ఎక్కేదాన్నేమో. వెనక్కి వచ్చేశాను. వంట చెయ్యడానికి కొత్తావిడని పెట్టారు. నేను మాత్రం రోజూ తొమ్మిదింటికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంటాను. చేట తట్టుతాను.

తొమ్మిదేళ్ళయింది. మా బడి ఇప్పుడు హైస్కూలు. చుట్టుపక్కల ఐదు ఊళ్ళనుంచి పిల్లలు వస్తున్నారు. గట్టూ ఒడ్డూ అన్న మాటలు ఈ పిల్లలకి దారి చెప్పుకోవడానికి తప్ప తెలియవు. మొన్నటి తుపానులో ఊరంతా ఆ బడిలోనే రెండు రోజులు ఉంది. ఎవరు ఎవరి పక్కన పడుకున్నారో ఎవరూ చూసుకోలేదు. బిళ్ళ లేకుండానే లయ నిలుస్తుందేమో, చిన్నపిల్లలకి ముందు చెప్పే ఇంకొకరు తయారవుతారేమో అని మైథిలి గారు ఏటా వచ్చి కొలుస్తారు. "ఇంకా మీ గీతే మందం," అంటారు. గౌరి పదో తరగతి దాటింది. పిల్లలకి ముందు నిలబడి చెప్పడం నేర్చుకుంటోంది. నాకు డెబ్బై నిండాయి. పొద్దున్న లేవగానే ముందు నా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకుంటాను.

జలజ ఆదివారాలు ఫోను చేస్తుంది. తుపానుల్ని లెక్కగట్టే ఆఫీసులో పని. ఫోన్లో గొంతు వస్తుంది, వంత రాదు, అందుకని మాట్లాడుకోవచ్చు. ఇప్పుడది "నేదు" అనదు, "లేదు" అంటుంది. ఒకసారి పొరపాటున "నేదు" అని, తనే ఆగిపోయింది.  పోయినేడు పొలిమేర దాకా వస్తానంది, తూముకి అవతల నిలబడతానంది. నేనే వద్దన్నాను. ఏడు కిలోమీటర్లన్నది మైథిలి గారి లెక్క. నా లెక్క ఎంతో నాకు తెలీదు.

జలజ తిరిగి రాలేదు. అది వెళ్ళింది 2046 జూన్ పదమూడు, బుధవారం, ఉదయం ఎనిమిదీ పది బస్సుకి.